సున్నా రీడింగు, ఏడాకులపాల వాసన

పదకొండు గంటల నలభై రెండు నిమిషాలు. సంపు లోతు మూడు మీటర్ల అరవై సెంటీమీటర్లు. మూతి వెడల్పు రెండు మీటర్ల నలభై. మూతి అంచు నుంచి ఏడాకులపాల చెట్టు మొదలు వరకు పదకొండు మీటర్లు. మబ్బు పట్టిన పగలు. గాలి చెట్టు వైపు నుంచి సంపు వైపు, ఆకు కదిలీ కదలనంత. లోపలికి దిగిన మనిషి ఛాతీ మీద వేలాడుతున్న గ్యాస్ మీటరులో రీడింగు సున్నా.

ఇవి ప్రమాద నివేదిక కోసం నేను రాసిన అంకెలు. దూరాలు మర్నాడు టేపు పెట్టి కొలిచాను. వీటిలో చివరిది తప్ప అన్నీ నిజం.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరును. దువ్వాడ స్టేషనుకు అవతల ఒక రొయ్యల ఫ్యాక్టరీలో పని. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. రొయ్యలు కడిగిన నీళ్ళు, తలలూ తొక్కలూ వడకట్టగా మిగిలిన మడ్డితో సహా, పెరటి వైపు ఉన్న మురుగు సంపులో చేరతాయి. అక్కడి పంపు ఏడాదికి రెండు మూడుసార్లు మూసుకుపోతుంది. మనిషి దిగి జల్లెడ విప్పి శుభ్రం చేయాలి. దిగే ముందు లోపలి గాలిని పరీక్షించి, దిగవచ్చు అని పర్మిట్ మీద సంతకం పెట్టేది నేను. నా ఉద్యోగం అంటే ప్రధానంగా ఆ సంతకమే. అది పెట్టలేని రోజు నన్ను స్టోర్సులో బోల్టులు లెక్కపెట్టడానికి పంపిస్తారు. దిగాల్సిన మనిషి, నేను చెబితే తప్ప దిగకూడదు.

కుళ్ళే మడ్డిలో పుట్టేది హైడ్రోజన్ సల్ఫైడ్. కొద్దిగా ఉన్నప్పుడు మురిగిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముందుగా ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన ఆగిపోయింది కనుక గ్యాస్ పోయిందని మనిషి అనుకుంటాడు. అప్పటికి అది ప్రాణం తీసే మోతాదులో ఉంటుంది. అందుకే ముక్కును నమ్మకూడదని మొదటి శిక్షణ రోజే చెబుతారు. మీటరును నమ్మాలి. ఆ మీటరు అరచేతిలో ఇమిడే పసుపుపచ్చ పెట్టె. ముందు వైపు రూపాయి బిళ్ళంత గుండ్రటి తెల్లటి వడపోత బిళ్ళ. గాలి దాని గుండానే లోపలికి వెళ్తుంది.

దిగే మనిషి మా పంపు ఫిట్టరు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. సముద్రం ఒడ్డున వేట మీద బతికే కుటుంబం వాళ్ళది. అన్నలిద్దరూ ఇప్పటికీ వేటకు వెళ్తారు. ఇతనికి పడవ ఎక్కితే వాంతులు. అందుకే ఫిట్టరయ్యాడని అన్నలు ఎగతాళి చేస్తారు. నన్ను సార్ అనమని మేనేజరు ఒకసారి గట్టిగానే చెప్పారు. "సారంటే నా నోరు తిరగదండి, బావంటే తిరుగుద్ది" అన్నాడు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఉక్కు కర్మాగారం ఉద్యోగానికి వచ్చి కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నారు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి "గోదారోళ్ళు ఒడ్డున కూకుంటారు, మమ్మల్ని మాత్రం లోనికి దింపుతారు" అనేది అతను సంపు దగ్గర ప్రతిసారీ వేసే జోకు. ప్రతిసారీ నేను నవ్వేవాణ్ణి.

ఆ రోజు మహర్నవమి. ఉదయం ఎనిమిదికి మీటరుకు రోజువారీ పరీక్ష చేశాను. చిన్న సిలిండరులో తెలిసిన మోతాదు గ్యాస్ ఉంటుంది: పది లక్షల పాళ్ళ గాలిలో పాతిక పాళ్ళు. దాన్ని మీటరు మీద వదిలితే పాతిక చూపించాలి, అరవాలి. చూపించింది, అరిచింది. రిజిస్టరులో రాశాను. రోజుకు ఒకసారి చేయాలన్నది రూలు. ఆ రోజు రూలు ఎవరూ తప్పలేదు.

పదింపావుకు వర్క్‌షాపులో ఆయుధపూజ. రెంచీలు, బరువులెత్తే చైన్ బ్లాకు, మనిషిని పైకి లాగే వించి, అన్నింటినీ కడిగి వరుసగా పేర్చి ఫిట్టరే గంధం, కుంకుమ పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. మీటరును కూడా ఆ వరుసలో చేర్చాడు. తన ప్రాణం కాసే వస్తువు అదేనని అతనికి తెలుసు కనుక దానికి అందరికంటే శ్రద్ధగా, మూడు వేళ్ళతో మందంగా గంధం పూశాడు. మనిషికైతే నుదుట పెడతాం. ఆ పెట్టెకు నుదురులా కనిపించేది తెల్లటి బిళ్ళ ఒక్కటే. ఆ తర్వాత సంపులోకి దిగే ముందు, అంకెల తెర కనిపించేటట్టు ఆ మేరకే చొక్కా అంచుతో తుడిచాడు. బిళ్ళ రంగూ గంధం రంగూ దాదాపు ఒకటే. ఆరిన తర్వాత తేడా ఎవరికీ తెలియలేదు.

పదకొండుకు పంపు ఆగింది. నీళ్ళు పైకి రావడం మొదలైంది.

"పూజ సేసిన సామాను ఇయ్యాల ముట్టుకోకూడదు బావా," అన్నాడు ఫిట్టరు. "రేపొద్దున్న బేగి వచ్చి దిగిపోతాను."

మేనేజరు కృష్ణా జిల్లా మనిషి. అక్కడే నిలబడి ఉన్నారు. "రేపటికి మురుగు గేటు దాటి రోడ్డెక్కుతుందయ్యా. పండగపూట ఊరి చేత తిట్టించుకుందామా?"

"అమ్మోరు తిడితేనో?"

"అమ్మవారితో నేను మాట్లాడుకుంటాలే. నువ్వు దిగు."

అందరూ నవ్వారు. ఆ మధ్యాహ్నం జరిగినదంతా జరిగాక కూడా నా చెవిలో ఆ నవ్వే ముందు వినిపిస్తుంది. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు వాడకూడదన్న ఆచారాన్ని ఆ ఒక్క రోజు పాటించి ఉంటే చాలు. ఆచారం చేసిన ప్రమాదం అది. ఆచారమే ఆపగలిగిన ప్రమాదం కూడా.

పదిహేను నిమిషాలు బ్లోయరు పెట్టి గాలి తోలాం. మీటరును తాడుతో కిందికి దించి పరీక్షించాను. సున్నా. సంతకం పెట్టాను. అతను వించి తాడు తగిలించిన పట్టీలు బిగించుకుని దిగాడు. చెట్టు ఆ ఏడు ముందే పూసింది. మబ్బు వల్ల ఆ పూల వాసన పైకి పోకుండా నేలమీదే పేరుకుని ఉంది. నా ముక్కు నిండా అదే. జల్లెడ కదిలించగానే అడుగున మడ్డి తెరుచుకుని గ్యాస్ వదిలి ఉండాలి. కోడిగుడ్డు వాసన నాకు ఒక్క క్షణం కూడా తెలియలేదు. పూల వాసన దాన్ని కప్పేసింది. కింద రెంచి జారిన చప్పుడు. తరువాత చప్పుడు లేదు. అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏదో వెతుకుతున్నాడనుకున్నాను. మీటరు అరవలేదు. ఆ ఒక్క కారణంగా కొన్ని క్షణాలు ఆగాను.

తరువాత వించి తిప్పాను. పైకి వచ్చేసరికి అతని పెదవులు నీలంగా ఉన్నాయి. ఛాతీ మీద మీటరు సున్నా చూపిస్తూనే ఉంది. పక్కకు దొర్లించి, గాలి ఆడే చోటికి ఈడ్చాం. ఊపిరి ఉంది. ఆ సమయంలో నాకు ఏమీ అనిపించలేదు. పట్టీల కొక్కెం తుప్పు పట్టి ఉంది, మార్పించాలి అని ఒకటి అనుకున్నాను. అంతే.

తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. జ్ఞాపకం, నడక, మాట అన్నీ తిరిగి వచ్చాయి. వాసన రాలేదు. నరం కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు అన్నారు. ఇది రాసే నాటికి కోలుకోలేదు.

మీటరును నేను బల్ల మీద పెట్టి భూతద్దంలో చూశాను. బిళ్ళ రంధ్రాలన్నీ గంధంతో సిమెంటులా గట్టిపడ్డాయి. పాతిక పాళ్ళ గ్యాస్ వదిలాను, సున్నా. బిళ్ళ మార్చి మళ్ళీ వదిలాను, పాతిక. ఫొటోలు తీశాను. నివేదిక రాశాను. అతని మంచం దగ్గర కూర్చుని సంగతి చెప్పింది కూడా నేనే. దాచడం సరైనది కాదనిపించింది.

"అయితే దాని ముక్కు నాను మూసినానన్నమాట."

"అవును."

"అది నా ముక్కు మూసేసింది. సెల్లుకు సెల్లు. ఇంక దానికీ నాకూ గొడవ నేదు." కొంచెం ఆగి, "నీకూ నాకూ కూడా నేదు బావా. ఆ మొకం తియ్యి" అన్నాడు.

ఏ ముఖమో నాకు తెలియదు.

ఆ ఏడాదంతా నేను మామూలుగానే పనిచేశాను. వేసవిలో రెండుసార్లు సంపు తెరిచాం, వేరే మనిషి దిగాడు, నేను సంతకం పెట్టాను. గీత తిన్నగానే వచ్చింది. ఇబ్బంది ఏమీ లేదని నిర్ధారించుకున్నాను. అక్టోబరు రెండో వారంలో ఒక సాయంత్రం ఏడు గంటలు దాటాక, సీతమ్మధారలో మా వీధి మలుపు దగ్గర, కూరగాయల సంచితో నడుస్తూ ఉండగా గుండె ఒక్కసారిగా పరుగందుకుంది. చేతి గడియారం నిమిషానికి నూట ఇరవై ఎనిమిది చూపించింది. అరచేతులు చల్లబడ్డాయి. సంచి కింద పెట్టి ఒక గేటు పట్టుకుని నిలబడ్డాను. గుండెపోటు లక్షణాలు ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుని సరిపోల్చుకున్నాను. ఎడమ చేయి నొప్పి లేదు. దవడ నొప్పి లేదు. అప్పుడు తెలిసింది, ముక్కులో ఆ వాసన ఉందని. తల ఎత్తి చూశాను. వీధి పొడవునా ఏడాకులపాల చెట్లు, గుత్తులు గుత్తులుగా పూసి ఉన్నాయి. ఆరేళ్ళుగా ఆ వీధిలో ఉంటున్నాను. అవి ఏ చెట్లో ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు ఈసీజీ మామూలుగా వచ్చింది. నేను తృప్తి పడలేదు. వీధిలో నిజంగానే ఏదో గ్యాస్ ఉందేమోనన్న అనుమానంతో ఆ రాత్రి మీటరు ఇంటికి తెచ్చాను. పరీక్ష చేసి, ప్రతి చెట్టు కిందా నిలబడి రీడింగు తీసుకున్నాను. ఎదురింటి ఆవిడ గేటు తెరుచుకుని వచ్చారు.

"కార్పొరేషన్ వాళ్ళా? హమ్మయ్య. ఈ చెట్లు కొట్టేస్తారా బాబూ? రాత్రయితే తలనొప్పి, మా ఆయనకు ఆయాసం."

"కాదండి. ఎదురింటి మూడో అంతస్తు."

"మరి చేతిలో అదేమిటి?"

"గ్యాస్ మీటరు."

ఆవిడ నన్నూ మీటరునూ మార్చి మార్చి చూశారు. "గ్యాస్ ఉందా?"

"సున్నా అండి."

ఆ మాట నా నోటితో అన్నాక మిగిలిన చెట్లు వదిలేసి మేడ ఎక్కేశాను. ఆ నెల మిగిలిన రోజులు సెలవు పెట్టి రాజమండ్రిలో చిన్నాన్న వాళ్ళింట్లో గడిపాను. అక్కడ ఏం చేశానో పెద్దగా గుర్తు లేదు. గోడ గడియారం ఐదు నిమిషాలు ముందు నడిచేదన్నది మాత్రం గుర్తుంది.

రెండో అక్టోబరుకు ముందుగానే సిద్ధపడ్డాను. సెలవు జూలైలోనే అడిగాను. పడకగది కిటికీ సందులకు నురగ టేపు అతికించాను. ఏసీకి కొత్త వడపోత వేయించాను. బాల్కనీ తలుపు కింద తడి తువ్వాలు. నాకు అదొక సాంకేతిక సమస్య. మూలాన్ని వేరు చేస్తే సరిపోతుంది. మా ఆవిడ పదిహేను రోజులు ఓర్చుకుంది.

"ఇంట్లో ఉల్లిపాయ వేయిస్తే ఆ పొగ బయటికి పోవడం లేదు," అంది ఒక రోజు. "నా జుట్టంతా తాలింపు వాసన. నువ్వు ఆపుతున్నది చెట్టును కాదు, మనల్ని."

సీతమ్మధారలోనే ఒక మనోవైద్యురాలి క్లినిక్‌కు తనే తీసుకెళ్ళింది. డాక్టరుగారు నేను తెచ్చిన కొలతల కాగితం మర్యాదగా చదివి పక్కన పెట్టారు. మిగతా ఇంద్రియాల కంటే వాసనకు మెదడులో భయమూ జ్ఞాపకమూ ఉండే చోటికి దగ్గరి దారి ఉంటుందని, అందువల్ల ఇది ఏమిటి అని మనం అడిగేలోపే శరీరం జవాబు చెప్పేస్తుందని వివరించారు. ఒక రుతువులో మాత్రమే వచ్చే వాసన అయితే ఇంకో చిక్కు కూడా ఉంటుందట. ఏడాదిలో మిగతా రోజులు అది ఎదురుకాదు కనుక, దాని నుంచి అపాయం లేదని శరీరం నేర్చుకునే అవకాశమే దొరకదు. వచ్చిన ప్రతిసారీ కొత్తగా వస్తుంది.

"కిటికీలు మూసినప్పుడల్లా మీరు దానికి అది నిజమేనని చెబుతున్నారు," అన్నారు. "మీ మీటరు పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకుంటారు?"

"తెలిసిన మోతాదు కొద్దిగా ఇచ్చి చూస్తాం."

"ఇక్కడా అదే. కొద్దిగా, తెలిసిన మోతాదులో. పారిపోకుండా తగ్గేదాకా నిలబడాలి. తగ్గుతుంది."

మోతాదును దూరం లెక్కలోకి మార్చుకున్నాం. మా వీధి చివరి చెట్టు నుంచి నలభై మీటర్ల దూరంలో బజ్జీల బండి ఉంది. మొదట అక్కడ. తరువాత ఇరవై, తరువాత పది, చివరకు చెట్టు కింద. ప్రతిచోటా భయానికి సున్నా నుంచి పది వరకు ఒక అంకె ఇవ్వాలి. పీల్చినదానికంటే వదిలేటప్పుడు ఊపిరిని ఎక్కువసేపు సాగదీయాలి. పాదాల కింద నేల గట్టిగా ఉందని గమనించాలి. వాసనను తోసివేయకుండా దానిలో ఏమేం ఉన్నాయో పేరు పెట్టి చెప్పాలి. అంకె సగానికి పడితే ముందుకు జరగాలి. పడకపోతే మర్నాడు అక్కడే.

ఒక్కడినే వెళ్ళిన రెండు సాయంత్రాలూ బండి దగ్గర నుంచే తిరిగి వచ్చాను. మూడో సాయంత్రం ఫిట్టరు వచ్చాడు. ఎవరు చెప్పారో నేను అడగలేదు. మా ఆవిడే అయి ఉండాలి.

"సెట్టుని సూసి దడుసుకుంటన్నావంట?"

"చెట్టును కాదు, వాసనను."

"నాకేటీ రాదు కదా. నీ పక్కన నాను నిలబడతాను, నడు." నాలుగు అడుగులు వేశాక అడిగాడు, "అయితే సెప్పు బావా, ఏటొత్తంది?"

"తీపి."

"తీపంటే? బెల్లమా, పంచదారా?"

ఆలోచించాను. "పంచదార పాకం అడుగంటుతుంటే అందులో ఏలకులు దంచి వేసినట్టు."

"మరి బాగానే ఉంది కదేటి. దాని కిందన?"

"కిందనంటే?"

"కంపులో కూడా అడుగుంటాది బావా. మా అన్నలు సేపల బుట్ట మూత తీత్తే నాకు పైన ఉప్పు వచ్చేది, కిందన ఇనప వాసన వచ్చేది, దాని కిందన తెలిసిపోయేది అది నిన్నటిదో మొన్నటిదో. ఇప్పుడు మొన్నటి సేప కొనుక్కెల్తన్నాను. మా ఆడది నా మొకాన ఇసిరింది మొన్న."

"ఆమెకు తెలుసు కదా నీకు వాసన లేదని."

"తెలుసు. అమ్మినోడు మా పెద్దన్నే. ఆడికీ తెలుసు." పగలబడి నవ్వాడు. "సెప్పు, కిందన ఏటుంది?"

మళ్ళీ పీల్చాను. "తడి సున్నం. కొత్తగా సున్నం కొట్టిన గోడ."

"ఇంకా?"

"ఆటో పొగ. మిరపకాయ బజ్జీ."

"బజ్జీయా! అది ముందు సెప్పాల కదేటి!"

భయం ఎనిమిది నుంచి ఐదుకు వచ్చింది. గడియారంలో నాడి నూట ఆరు. ఆ తరువాత పన్నెండు సాయంత్రాలు అతను రెండు బస్సులు మారి వచ్చాడు. నాకు సహాయం చేయడానికే వచ్చాడని మొదట అనుకున్నాను. తరువాత తెలిసింది, నేను చెప్పేది వినడానికి కూడా వస్తున్నాడు. ఒక రోజు వాన పడ్డాక మట్టి వాసన ఎలా ఉందో అడిగాడు. చెప్పడం నాకు సరిగా రాలేదు. "కుండలో నీళ్ళు" అన్నాను. తల ఊపి, వంగి చిటికెడు తడిమట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పూత రాలిపోయేనాటికి చెట్టు కింద నిలబడితే నా అంకె నాలుగు. సున్నా కాదు. సున్నా అవుతుందని డాక్టరుగారు కూడా అనలేదు.

మూడో ఏడు సెప్టెంబరులో మేనేజరు పిలిచారు.

"రెండేళ్ళు అక్టోబర్లో మీరు లేరు. బయటి నుంచి మనిషిని తెచ్చుకున్నాం, సర్దుకున్నాం. ఇక కుదరదండీ. ఈసారి సంపు దగ్గర మీరు ఉంటారా, స్టోర్సుకు మారతారా? ఏదైనా నాకు ఫర్వాలేదు. తేల్చి చెప్పండి."

నిష్ఠూరం లేదు ఆయన మాటలో. ఉంటానన్నాను. ఎవరు దిగుతారని అడిగాను. ఫిట్టరే దిగుతానంటున్నాడని, కానీ వాసన తెలియని మనిషిని ఎలా దింపడమని ఆయన సందేహం. ఆ సాయంత్రం దానికి నేను లిఖితపూర్వకంగా జవాబు ఇచ్చాను: ముక్కు భద్రతా పరికరం కాదు, ఈ గ్యాస్ విషయంలో వాసన రావడం, రాకపోవడం రెండూ దేనికీ రుజువు కావు, అందువల్ల అతని లోపం ఈ పనికి అడ్డంకి కాదు. మూడు వాక్యాలు, వాటికి జతగా వైద్యుడి ధ్రువపత్రం. పంపించాక మళ్ళీ చదువుకున్నాను. అతని గురించి రాసిన మాటలు అవి. నాకూ అంతే వర్తిస్తాయని అప్పటికి తట్టలేదు.

అక్టోబరు చివరి వారంలో పంపు మూసుకుపోయింది. ఉదయం పది గంటలకు సంపు దగ్గరికి వెళ్ళాను. చెట్టు లేదు. నేలకు జానెడు ఎత్తున మొద్దు మాత్రం ఉంది.

"మీకు ఇబ్బందని పోయిన వారమే కొట్టించాను," అన్నారు మేనేజరు.

ఆయన ముఖంలో సంతోషం ఉంది. థాంక్స్ చెప్పాను. మొద్దు అడ్డంగా నలభై ఆరు సెంటీమీటర్లు. కోసిన చోట పాలు కారి నల్లబడింది.

ఇప్పుడు పరీక్ష పొద్దున వర్క్‌షాపులో కాకుండా, దిగే ముందు సంపు మూతి దగ్గరే చేయాలని రూలు మారింది. మీటర్లు రెండు, ఒకటి అతని ఛాతీ మీద, ఒకటి గొట్టంతో అడుగు గాలిని పైకి లాగేది. రెండింటికీ గ్యాస్ వదిలాను. పాతిక, పాతిక. ఛాతీ మీటరు వెనక వైపు, ప్లాస్టిక్ కవరు మీద, చిన్న కుంకుమ బొట్టు ఉంది.

"ముందేపు కాదు కదేటి," అన్నాడు ఫిట్టరు, నేను చూడటం చూసి. "ఈపుకు పెట్టినాను. అమ్మోరికి ఈపైనా ఒకటే."

బ్లోయరు నడుస్తోంది. పర్మిట్ పుస్తకం తెరిచాను. అప్పుడు ఆ వాసన వచ్చింది. పాకం, ఏలకులు, కింద తడి సున్నం. చెట్టు కొట్టేసి వారమైంది. గాలి సముద్రం వైపు నుంచి వస్తోంది. ఆ దిక్కున పూసిన చెట్టేదీ లేదని నాకు తెలుసు. గుండె పరుగందుకుంది. అంకె ఎనిమిది. గోడ అవతల ఎవరైనా పూల కొమ్మ పడేశారేమో. ఇది నా తలలోంచే వస్తున్నదేమో. ఏది నిజమో తేల్చుకోవాలంటే ఇంకొక ముక్కు కావాలి. మేనేజరు అప్పటికే ఆఫీసుకు వెళ్ళిపోయారు. పక్కనున్నది ఫిట్టరు ఒక్కడే.

"నీకు ఏమైనా వాసన..." అని ఆగిపోయాను.

"నన్నడుగుతావేటి బావా! ఊళ్ళో ఇంకెవులూ దొరకనేదా?"

నవ్వుతూనే నా ముఖం చూశాడు. నవ్వు ఆపాడు. పట్టీ బిగించుకోవడం కూడా ఆపాడు. "వద్దంటే సెప్పు. దిగను. సెట్టు కిందే ఇంకో పన్నెండు రోజులు నిలబడదాం. నువ్వు ఊఁ అంటేనే దిగుతాను."

నేను ఊపిరి నెమ్మదిగా వదిలాను. పాదాల కింద సిమెంటు. నేను రాసిచ్చిన మూడు వాక్యాలు అప్పుడు గుర్తుకు వచ్చాయి. వాసన రావడం, రాకపోవడం రెండూ దేనికీ రుజువు కావు. ఆ పువ్వు ఉందా లేదా అన్నది ఈ పర్మిట్‌లో ఏ గడిలోనూ లేని ప్రశ్న. దానికి జవాబు తెలియకుండానే సంతకం పెట్టవచ్చు. భయం తగ్గే దాకా ఆగాలని కూడా ఎక్కడా రాసి లేదు. రీడింగు ఒకటి, వాసన ఇంకొకటి. రెండేళ్ళూ నేను వాటిని ఒకే తీగకు కలిపి ఉంచాను.

ఒక్క జాగ్రత్త తీసుకున్నాను. గుండె ఆ వేగంతో ఉన్నప్పుడు నా కళ్ళను కూడా పూర్తిగా నమ్మలేను. గొట్టం మీటరు అతని వైపు తిప్పాను. "చదువు."

"సున్నా."

అడుగు మడ్డిని పైనుంచే గెడతో కదిలించాను. "ఇప్పుడు?"

"మూడు. నాలుగు. ఆరు బావా. ఆగింది. నాలుగు. రెండు."

పది దాటితే అరుస్తుంది. దాటలేదు. సున్నా చూసినప్పుడు రాని నిబ్బరం ఆరు చూసినప్పుడు వచ్చింది. అది ఊపిరి పీలుస్తున్న మీటరు. వాసన అప్పటికీ పోలేదు, అంకె ఎనిమిదే. సంతకం పెట్టాను. గీత వంకరగా వచ్చింది.

"ఊఁ," అన్నాను.

"గోదారోళ్ళు ఒడ్డున కూకుంటారు," అంటూ దిగాడు.

ఒక గంట యాభై నిమిషాలు పట్టింది. నిమిషానికోసారి నేను అడిగాను, నిమిషానికోసారి అతను కింద నుంచి తన మీటరు చదివి చెప్పాడు. మధ్యలో ఒకసారి విసుక్కుని "మా ఆడదానికంటే ఎక్కువ సతాయిత్తన్నావు" అన్నాడు. వాసన ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. అతను పైకి వచ్చి, హెల్మెట్ తీసి, నన్ను మొద్దు దగ్గరికి నడిపించి దాని మీద కూర్చున్నాడు.

"ఏటి బావా, ఏడుత్తన్నావా?"

"లేదు."

"ఏడవొచ్చు కదేటి ఒక పాలి."

"రావడం లేదు."

"సరేలే. వచ్చినప్పుడు సెప్పు," అని నీళ్ళ సీసా అందించాడు.

ప్రమాద నివేదికల చివర నష్టాల వివరం రాయడం మా పద్ధతి. నేను రాసిన ఆ నివేదికలో ఆ భాగం రెండు పంక్తులే; అప్పటికి తెలిసినవి అంతే. ఇప్పుడు పూర్తి చేస్తున్నాను.

ప్రాణనష్టం: లేదు. శాశ్వత నష్టం: ఒక మనిషి ఘ్రాణశక్తి, పూర్తిగా. పనిదినాలు: అతనివి నలభై ఒకటి, నావి యాభై నాలుగు. అక్టోబర్లు: రెండు. కిటికీలకు అతికించిన నురగ టేపు: పన్నెండు మీటర్లు, పీకేటప్పుడు రంగు ఊడింది. చెట్లు: ఒకటి, దానికి ఈ ప్రమాదంతో సంబంధం లేదు. మార్చిన వడపోత బిళ్ళ: ఒకటి. కోలుకున్నవి: ఒక సంతకం, వంకరగా. ఆ సంతకం పెట్టిన సాయంత్రం మా వీధి చెట్టు కింద నా భయం అంకె: ఐదు.